గురక ఆగితే పరుగెత్తిన డాక్టరమ్మ

మా ఎదురింటి మత్తు డాక్టరమ్మ మొన్న మంగళవారం మధ్యాహ్నం చనిపోయారు. భోజనం చేసి, మేడ మీద వరండాలో వాలుకుర్చీలో కూర్చుని, పేపరు చదువుతూ అలాగే ఉండిపోయారు. ఆమె చెల్లెలు పైనుంచి నన్ను కేకేసి పిలిచింది. ఆ ఇంట్లో అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ గొంతు పెంచే మనుషులు కారు. నేను వెళ్ళేసరికి పేపరు ఒళ్ళోనే ఉంది, కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

మా బావకు ఫోను చేశాను. బావంటే మా అక్క భర్త. చిత్తూరు బెల్లం మండీలో దళారి. ఆ సమయానికి వేలం మధ్యలో ఉన్నాడు.

"ఏంది బామ్మర్దీ, గట్టిగా చెప్పు!"

"మత్తు డాక్టరమ్మ పోయింది బావా."

"యాడికి?"

అటువైపు ఎవరో బెల్లం ధర పాడుతూనే ఉన్నారు. కాసేపటికి బావే "వస్తా ఉండా" అని పెట్టేశాడు.

రాయడం నా పని కాదు. అదే మండీలో ఏ రోజు లెక్క ఆ రోజు రాసి మూసేసే మనిషిని. బడి చదువు మధ్యలో ఆగిపోయింది, మిగతాది చేతికి దొరికిన పుస్తకాలతో నేర్చుకున్నాను. ఆమె గురించి నాలుగు మాటలు రాయాలని కూర్చుంటే మాత్రం ఏడుపు కంటే ముందు హుషారు వస్తోంది. ఆమె మాట్లాడుతుంటే కూడా అంతే. పుట్టినప్పటి నుంచి మనం పీల్చి వదిలే గాలి గురించి, అదేదో ఇవాళే ఊళ్ళోకి దిగిన వింత అన్నట్టు చెప్పేవారు. వింటున్నవాళ్ళం మా ఛాతీ మీద చెయ్యి వేసుకుని చూసుకునేవాళ్ళం.

ఉద్యోగమంతా తిరుపతిలో పెద్దాసుపత్రిలో చేశారు. ఆపరేషన్లకు మత్తు ఇవ్వడం ఆమె పని. రిటైరయ్యాక చెల్లెలి దగ్గరికి, మా వీధికి వచ్చారు. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి, మిగతా రోజుల్లో ఎవరు పిలిస్తే ఆ నర్సింగ్‌హోముకు. చిత్తూరులోనైనా తిరుపతిలోనైనా బాగా లావుగా ఉండే మనిషికి ఆపరేషను పడిందంటే ఆమెకే కబురు వచ్చేది. ఆమె మాత్రం గాలికి చీర ఎగిరితే మనిషి కూడా ఎగురుతుందేమో అనిపించేంత సన్నం.

మనిషి ఎదురైతే ముఖం కంటే ముందు మెడ చూసేవారామె. ఒకసారి మా వీధి పెళ్ళిలో భోజనాల దగ్గర పెళ్ళికొడుకు మేనమామ ఆమె పక్కన కూర్చున్నాడు. భారీ మనిషి, గడ్డం కింద నేరుగా భుజాలే.

"ఏమప్పా, ఒకసారి నోరు తెరువు" అన్నారు డాక్టరమ్మ.

లడ్డు పెడుతుందేమో అనుకుని ఆయన తెరిచాడు. ఆమె వంగి లోపలికి చూశారు.

"నాలుక బయట పెట్టు. ఊఁ. కొండనాలుక కనిపించడమే లేదే. గురక పెడతావా?"

బంతిలో అందరూ నవ్వారు. ఎదురు వరసలోంచి ఆయన భార్య అందుకుంది. "పెడతాడా అని మెల్లిగా అడుగుతా ఉండారే డాక్టరమ్మా! మా పక్కింటోళ్ళు ఇల్లు ఖాళీ చేసి పోయినారు."

"మధ్యలో ఆగుతాదా?"

"ఆగుతాది. ఆగితే మాకందరికీ హాయి."

డాక్టరమ్మ నవ్వలేదు. "ఆగితే హాయి కాదమ్మా. ఆగితే తట్టి లేపు. గురకంటే ఊపిరి దోవ వెతుక్కునే చప్పుడు. అది ఆగిందంటే దోవ దొరికిందనైనా అర్థం, మూసుకుపోయిందనైనా అర్థం. ఏదో తెలుసుకోవాల కదా?"

ఆ మాట చెప్పి తన ఆకులో అన్నం కలుపుకున్నారు. ఆయన మాత్రం ఆ తర్వాత భోజనం చేస్తూ రెండు మూడు సార్లు మెడ తడుముకున్నాడు.

ఆమెకు బెల్లం మా మండీ నుంచే వెళ్ళేది. పేషెంటు కళ్ళు తెరిచి తన పేరు తాను చెప్పేదాకా ఆమె మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టేవారు కాదు. పేరు చెప్పాక, పర్సులోంచి చిన్న బెల్లం ముక్క తీసి నోట్లో వేసుకునేవారు. ఆ బెల్లం ఇవ్వడానికి వెళ్ళిన ఒకరోజు చాలాకాలంగా మనసులో ఉన్న మాట అడిగేశాను. "మత్తులో ఉన్నప్పుడు ఊపిరి ఎవరు పీలుస్తారమ్మా?"

ఆమె ముఖం వెలిగిపోయింది. "అబ్బా! ఇన్నేళ్ళలో నన్ను ఈ మాట అడిగినోళ్ళు లేరు. కూర్చో, కూర్చో."

నేను కూర్చున్నాను.

"గొంతులోకి ఒక ట్యూబు వేస్తాం. ఆ మనిషికి బదులు మిషను పీలుస్తాది. కానీ చూడు నాయనా, మందు ఎక్కినాక ట్యూబు దిగేదాకా మధ్యలో ఒక సందుండాది. ఆ సందులో మనిషి సొంతంగా పీల్చడు, మిషను ఇంకా అందుకోలేదు. అప్పుడు ఊపిరితిత్తుల్లో ముందే నింపుకున్న గాలే దిక్కు. మీ ఇంట్లో మోటరుండాదా?"

"ఉండాదమ్మా."

"కరెంటు పోతాదని తెలిస్తే ఏం చేస్తావు?"

"ముందే ట్యాంకు నింపుకుంటా."

"నేను చేసేదీ అదే! ముఖానికి మాస్కు గట్టిగా పెట్టి, మంచి ఆక్సిజన్‌తో ట్యాంకు నింపుతా. సన్నగా ఉండేవాళ్ళ ట్యాంకు పెద్దది, తీరిగ్గా పని చేసుకోవచ్చు. లావుగా ఉండేవాళ్ళది చిన్నది, ఖర్చేమో ఎక్కువ, ఇంట్లో కొళాయిలన్నీ తిప్పి పెట్టినట్టు. దానికి తోడు వెల్లకిలా పడుకోబెడితే పొట్ట పైకి తోసుకొచ్చి ఆ చిన్న ట్యాంకునే నొక్కేస్తాది. అందుకని వాళ్ళను నేను పడుకోబెట్టను. కూర్చోబెట్టినట్టే పెట్టి నిద్రపుచ్చుతా. మళ్ళీ కూర్చోబెట్టే లేపుతా."

చేతులు తిప్పుతూ, కుర్చీలో వెనక్కి వాలి, ముందుకు వంగి, తన పొట్ట మీద దిండు పెట్టుకుని నొక్కి చూపిస్తూ చెప్పారు. ఆమె చెల్లెలు కాఫీ తెచ్చి, "పాపం, ఆయనకు పనుంటుందేమో" అంది. నాకు లేచి వెళ్ళాలని లేదు. దిగి వచ్చేటప్పుడు డాక్టరమ్మ చెప్పిన మాట ఇంకా చెవుల్లో ఉంది. "లావుగా ఉండేవాళ్ళను ఎగతాళి చేయబాకండి నాయనా. పడుకున్నప్పుడల్లా ఛాతీ మీద ఒక మూట మోస్తా ఉంటారు. మనం మోయలేం."

ఆ తర్వాత కొన్నాళ్ళకే ఆ మూట మా ఇంటికి వచ్చింది.

మా బావ మండీలో నిలబడితే ఇంకెవరూ కనిపించరు. నవ్వితే చొక్కా గుండీలు భయపడతాయి. బొడ్డు దగ్గర చిన్నగా మొదలైన హెర్నియా గడ్డ కొబ్బరికాయంత అయింది. తిరుపతిలో ఆపరేషను చేసే డాక్టరు చూసి, పేగు అందులో ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుందని, ఆలస్యం చేయవద్దని చెప్పాడు. అదే ఆసుపత్రిలో మత్తు ఇచ్చే ఆయన మాత్రం బావ మెడ చూసి, బరువు చూసి, అడ్డంగా తల ఊపాడు. "ఈయన్ని నిద్రపుచ్చితే ఊపిరి మన చేతికి దొరుకుతుందని నేను చెప్పలేను. చెన్నైకి తీసుకుపోండి" అన్నాడు.

బావ చెన్నైకి పోనన్నాడు. మండీలో బెల్లం మూటలకు ఆనుకుని కూర్చుని నాతో అన్నాడు:

"నిద్రపోతే లేవనంట బామ్మర్దీ. ఇదంతా యాల? పుత్తూరుకు పోయి కట్టు కట్టించుకోని వచ్చేస్తా."

"అది ఎముకలకు బావా. పేగులకు కట్టరు."

"యాల కట్టరు? మనం అడిగితేనే కదా తెలిసేది!"

నవ్వాడు. నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి చెబితే మా అక్క నవ్వలేదు. నేరుగా మత్తు డాక్టరమ్మ ఇంటికి వెళ్ళి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆమె వెంటనే కిందికి దిగి మా ఇంటికి వచ్చారు.

"ఆ చాప మీద వెల్లకిలా పడుకో అబ్బయ్యా, చూస్తాను."

"నడుం నొప్పి డాక్టరమ్మా, పడుకోలేను."

"నడుమా, ఊపిరా?"

బావ పైకప్పు వైపు చూశాడు.

"వెల్లకిలా పడుకోని ఎన్నాళ్ళయింది?"

"మా పెద్దోడి పెళ్ళి కాడి నించి కుర్చీలోనే నిద్ర" అంది అక్క. "అడిగితే నాకు గాలి తగలాల, దోమలుండాయి అంటాడు."

మండీని గొంతుతో నడిపే మా బావ నేల చూపులు చూస్తూ చిన్నగా అన్నాడు. "భయంగా ఉంటాది డాక్టరమ్మా. ఎవురో ఎక్కి మీద కూసున్నట్టుంటాది. మగోణ్ణి, ఎవురితో చెప్పేది?"

"అది భయం కాదు, నిజమే" అన్నారామె. "నీ పొట్టే నీ మీద కూర్చుంటా ఉండాది. దాన్ని దించే ఉపాయం నాకు తెలుసు. మత్తు నేనిస్తా. నువ్వు మాత్రం నా మాట వినాల."

ముందు ఒక చిన్న మిషను తెప్పించారు. నిద్రపోయేటప్పుడు ముక్కుకు మాస్కు తగిలించుకుంటే అది గాలిని కాస్త ఒత్తిడితో లోపలికి పంపుతుంది, గొంతు దోవ మూసుకోకుండా నిలబెడుతుంది. మొదట్లో బావ "నన్ను విమానం డ్రైవర్ని చేసినారు" అని అందరికీ చెప్పుకుని నవ్వించాడు. కొద్ది రోజులకు నవ్వించడం మానేసి, నిద్ర గురించి మాట్లాడడం మొదలుపెట్టాడు. "బామ్మర్దీ, పొద్దున లేస్తే తల తేలిగ్గా ఉండాదిరా. మనుషులు రోజూ ఇట్లనే లేస్తారా?" అని అడిగాడు. పగలు మూటలకు ఆనుకుని కునికే అలవాటు పోయింది.

ఆపరేషనుకు ముందురోజు మమ్మల్ని తిరుపతి ఆసుపత్రికి ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ తీసుకుని రమ్మన్నారు. అక్క నగరి దుప్పట్ల మూట కట్టుకుని వచ్చింది. గదిలో మంచం మీద డాక్టరమ్మ వాటిని ఒకటొకటిగా మడిచి పేర్చారు. నడుము దగ్గర పలుచగా, భుజాల కింద మందంగా, తల కింద ఇంకా మందంగా, ఏటవాలు గట్టులాగా. బావను దాని మీదికి వాల్చి నన్ను పక్కకు పిలిచారు.

"నువ్వు లెక్కల మనిషివి. పక్క నుంచి చూడు. చెవి రంధ్రం, రొమ్ము ఎముక ఒకే గీతలోకి రావాల. వచ్చినాయా?"

వంగి చూశాను. "చెవి ఇంకా కిందనే ఉండాదమ్మా."

"ఇంకో దుప్పటి."

"ఇప్పుడు దగ్గరికి వచ్చింది. ఇంకొంచెం."

"ఇంకోటి ఎయ్యి. నీ చొక్కా ఉన్నా ఎయ్యి!"

అక్క తన శాలువ మడిచి ఇచ్చింది. అది దూర్చగానే చెవీ రొమ్ము ఎముకా నా కళ్ళముందే ఒక్క గీత మీదికి వచ్చాయి. "వచ్చినాయి!" అని అరిచేశాను. ఆసుపత్రిలో అరవకూడదని కూడా తోచలేదు.

బావ ఒక్క క్షణం కదలకుండా ఉన్నాడు. తర్వాత కళ్ళు పెద్దవి చేశాడు. "మే! ఇట్ల సూడు! పడుకోని ఉండా! గాలి ఆడతా ఉండాది!"

అక్క ఏడుస్తూ నవ్వింది. డాక్టరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టారు. అన్ని సంవత్సరాలు అదే పని చేసిన మనిషి, మొదటిసారి చూసినట్టు. అదే గట్టును మర్నాడు ఆపరేషను బల్ల మీద కట్టించారు.

లోపల జరిగింది బావ చెప్పాకే తెలిసింది. మాస్కును ముందు ఆమె తన ముఖానికి పెట్టుకుని పీల్చి చూశారట. తాను పీల్చి చూడని గాలి ఎవరికీ పెట్టనని అంటుండేవారు. తర్వాత బావ ముఖానికి పెట్టి, "కొత్త బెల్లం వచ్చినప్పుడు వాసన ఎట్ల లాగుతావు? అట్ల లోపలికి లాగు" అన్నారట. "నాకు ఆ మాటతో భయం పోయిందిరా. నిజంగానే మంచి సరుకు వాసన వచ్చినట్టు లాగినాను" అని బావ ఎంతమందికి చెప్పాడో లెక్కలేదు. చివర కెమెరా ఉన్న పరికరంతో తెర మీద గొంతు చూసుకుంటూ ట్యూబు వేశారని, మొదటి ప్రయత్నంలోనే దిగిందని, చెన్నైకి పొమ్మన్న ఆ మత్తు డాక్టరే బయటికి వచ్చి మాతో చెప్పాడు. ఆయన ముఖంలో కూడా సంతోషం దాగలేదు. పక్కన నిలబడి నేర్చుకుంటానని ఆయనే అడిగాడట.

ఆపరేషను అయింది. కూర్చోబెట్టినట్టే ఉంచి, కళ్ళు తెరిపించి, చెయ్యి గట్టిగా పట్టుకోమని, తల ఎత్తమని చూసి, అప్పుడు ట్యూబు తీశారు. బావ తన పేరు చెప్పాడు. ఆమె బయటికి వచ్చి బెల్లం ముక్క నోట్లో వేసుకుని మాతో అన్నారు. "కొండ ఎక్కినాం. ఇంక దిగాల. దిగేటప్పుడే మోకాళ్ళు వణికేది. మత్తు ఇంకా కొంచెం ఒంట్లో ఉంటాది. మంచం తలవైపు దించకూడదు. ముక్కుకు మాస్కు ఉండాల. వేలికి ఆ క్లిప్పు ఉండాల, రక్తంలో ఆక్సిజన్ ఎంతుండాదో చెప్పేది అదే."

అక్క, నేను మళ్ళీ మళ్ళీ తల ఊపాం. బావను పక్క గదికి మార్చారు. అక్కను అక్కడ ఉంచి నేను డాక్టరమ్మను టిఫిను తినడానికి కిందికి తీసుకెళ్ళాను. పొద్దుటి నుంచి ఏమీ తినలేదామె.

అప్పుడు ఐరాల నుంచి బావ పెద్దమ్మ వచ్చింది. తల్లి లేని బావను పెంచింది ఆమే. ఒంటి మీద ఎనభై ఏళ్ళున్నా బస్సు దిగి నేరుగా మెట్లెక్కి వచ్చేసింది, కాణిపాకం విబూది, మంత్రించిన దారం చేతిలో పట్టుకుని. తన బిడ్డ మంచం మీద నిటారుగా ఆనుకుని ఉండడం చూసి అదిరిపోయింది. మన వైపు ప్రతి ఇంట్లోనూ కాన్పు ఆపరేషన్లు చూసిన పెద్దవాళ్ళుంటారు. వెన్నులో మత్తు ఇచ్చాక దిండు పెట్టకూడదని, తల ఎత్తకూడదని వాళ్ళకు గట్టిగా తెలుసు. ఆ రోజు బావకు ఇచ్చిన మత్తు అది కాదు. కానీ ఆమెకు తెలిసిన మత్తు అదొక్కటే.

"దిండ్లు పెడతారా? అంతా తెలిసిన మహాతల్లులు! బిడ్డకు జన్మంతా తలనొప్పి వదల్దు. తియ్, తియ్!"

"వద్దు అత్తా, డాక్టరమ్మ చెప్పింది" అంది అక్క.

"ఆ డాక్టరమ్మ ఎన్ని కాన్పులు చూసిందో నేనూ అన్ని చూసినా. నువ్వు పక్కకు జరుగు."

మా అక్క ఆమెకు ఎదురు చెప్పి ఎరుగదు. పెద్దమ్మ దిండ్లు లాగేసింది. మంచం పిడి తిప్పి తలవైపు దించేసింది. విబూది పెట్టడానికి మాస్కు పక్కకు జరిపింది. ముంజేతికి దారం కట్టడానికి వేలి క్లిప్పు తీసింది. క్లిప్పు తీయగానే మిషను కూయడం మొదలుపెట్టింది. కరోనాలో ఆమె ఇంట్లో కూడా అలాంటి క్లిప్పు ఉండేది, వేలికి పెట్టుకుంటే అంకె వస్తుందని తెలుసు. పిల్లోడి నిద్ర చెడుతుందని ఆ క్లిప్పు తన వేలికి పెట్టుకుంది. మిషను నోరు మూసుకుంది. తలుపు దగ్గరి నుంచి తొంగి చూసిన నర్సుకు తెర మీద చక్కటి అంకె కనిపించింది. ఆమె వెళ్ళిపోయింది.

మేం పైకి వస్తుంటే మెట్ల దాకా బావ గురక వినిపిస్తోంది. నేను నవ్వాను. డాక్టరమ్మ నవ్వలేదు, అడుగు వేగం పెంచారు.

"నేను కూర్చోబెట్టినోడు ఇంత గురక పెట్టకూడదే."

అంతలో గురక ఆగిపోయింది. గదిలోంచి పెద్దమ్మ గొంతు తృప్తిగా వినిపించింది. "సూడు, ఎంత హాయిగా నిద్రపోయినాడో నా బిడ్డ!"

డాక్టరమ్మ చెప్పులు అక్కడే విడిచిపెట్టి పరుగెత్తారు. ఆ వయసులో అంత పరుగు నేను చూడలేదు. చీర కుచ్చెళ్ళు ఒక చేత్తో పైకి పట్టుకుని, వరండాలో మనుషులను తోసుకుంటూ పోయారు. వెనకే నేను. తెర మీద తొంభై ఎనిమిది, బంగారంలాంటి అంకె. ఆమె తెరను ఒక్కసారి చూశారు, బావ పెదవులను చూశారు. పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయి. ఛాతీ ఎగరబోతోంది, గాలి మాత్రం కదలడం లేదు.

"మంచం ఎత్తు!" అని నాతో అరిచి, రెండు చేతుల వేళ్ళూ బావ దవడల వెనక పెట్టి దవడను పైకి, ముందుకు లాగారు. నేను పిడి తిప్పుతున్నాను. ఎంత తిప్పినా మంచం లేస్తున్నట్టే లేదు. అక్క గోడకు ఆనుకుని రెండు చేతులూ జోడించింది. డాక్టరమ్మ చేతుల నరాలు తాళ్ళలా లేచాయి. "పీల్చు. పీల్చు నాయనా. బెల్లం వాసన లాగు."

అప్పుడు వచ్చింది ఆ చప్పుడు. లారీ ఇంజను మొదటిసారి అందుకున్నట్టు, గదంతా అదిరేలా ఒక పెద్ద ఊపిరి. తర్వాత ఇంకొకటి. మాస్కు సరిగ్గా పెట్టారు. పెదవుల్లో నలుపు మెల్లగా కరిగి ఎరుపు వచ్చింది. బావ కళ్ళు తెరిచి అయోమయంగా చూసి, "వేలం అయిపాయనా?" అన్నాడు.

డాక్టరమ్మ దవడ వదలకుండానే తెర వైపు తిరిగారు. "ఈ తొంభై ఎనిమిది ఎవరిది?"

పెద్దమ్మ కొంగు కింది నుంచి మెల్లగా చెయ్యి పైకెత్తింది. వేలికి క్లిప్పు ఉంది.

"నాదేనమ్మా. అది కూస్తా ఉండె. పిల్లోడి నిద్ర సెడుతుందని..." అంటూనే ఏమి జరిగిందో ఆమెకు అర్థమైంది. ముఖం పాలిపోయి నేల మీద కూలబడబోయింది.

తిడతారనుకున్నాను. నేనైతే తిట్టేవాణ్ణి. డాక్టరమ్మ క్లిప్పును బావ వేలికి మార్చి, అంకె పైకి ఎక్కేదాకా చూసి, కుర్చీ లాగి పెద్దమ్మను కూర్చోబెట్టారు. "నీ ఊపిరి బాగుండాది తల్లీ. ఇంకో ఇరవై ఏళ్ళకు ఢోకా లేదు" అన్నారు. మాకెవరికీ నవ్వు ఆగలేదు. తర్వాత ఆమె పక్కనే మంచం అంచున కూర్చుని, వెన్నులో ఇచ్చే మత్తుకు, దీనికి తేడా ఏమిటో, పొట్ట ఎలా ఎక్కి కూర్చుంటుందో, దవడ వెనక వేళ్ళు ఎక్కడ పెట్టాలో, ఆమె చేత బావ దవడ పట్టించి మరీ నేర్పారు. "ఇంక కాపలా నీదే. ఇది దించమని ఎవురొచ్చినా ఒప్పుకోబాక."

సాయంత్రం ఆపరేషను చేసిన డాక్టరు కుట్లు చూడడానికి వచ్చి, మంచం కాస్త దించమన్నాడు. పెద్దమ్మ పిడికి అడ్డంగా కాలు చాపి కూర్చుంది. "ఎవురప్పా నువ్వు? మత్తు డాక్టరమ్మ చెప్పిందాకా ఇది దిగేదే లేదు." ఆయన వంగి, అలాగే కుట్లు చూసుకుని వెళ్ళాడు.

ఆ రోజు నుంచి డాక్టరమ్మ పద్ధతి ఒకటి మారింది. పేషెంటును చూడకముందే, "మీ ఇంట్లో పెద్దామె ఎవరు? ముందు ఆమెను పిలవండి" అనేవారు. ఊళ్ళో ఉంటే రప్పించేవారు, రాలేకపోతే ఫోనులో మాట్లాడేవారు. "ప్రతి ఇంట్లో ఒక పెద్దామె ఉంటాది. ఆమెకు చెప్పకుండా నేను ఎంత చెప్పినా చెప్పనట్టే" అని నాతో అన్నారు. అది అన్నప్పుడు ఆమె ముఖంలో కోపం లేదు. కొత్త పరికరం ఒకటి దొరికిన సంబరం ఉంది.

బుధవారం ఉదయం పెట్టెను మేడ మీద హాల్లో ఉంచారు. వీధిలో చర్చివాళ్ళు, ఆసుపత్రుల వాళ్ళు. వాళ్ళతో పాటు నాకు ముఖం తెలియని మనుషులు చాలామంది వచ్చారు. పలమనేరు నుంచి ఒకాయన, పుత్తూరు నుంచి భార్యాభర్తలు, నగరి నుంచి రైల్లో వచ్చిన ఒకామె. అందరూ భారీ మనుషులే. ఆ మేడ మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉంటాయి. ఒక్కొక్కరూ గోడ పట్టుకుని, మధ్య మలుపులో ఆగి, మళ్ళీ ఎక్కారు. కింద నుంచే చూసి పోవచ్చని చెల్లెలు చెప్పించినా ఎవరూ వినలేదు. మా బావ కూడా ఎక్కాడు. పైకి రాగానే కుర్చీ ఇస్తే వద్దని గోడ పక్కన నిలబడ్డాడు.

పాస్టరుగారు ప్రార్థన ముగించి, ఆమె కోసం కాసేపు మౌనంగా ఉందామన్నారు. ఫ్యాను ఆపేశారు. ఎవరూ ఏడవలేదు, దగ్గలేదు. అప్పుడు ఆ హాలు నిండా ఊపిరి వినిపించింది. కష్టపడి మెట్లెక్కి వచ్చిన అంతమంది ఊపిరి. ఒకటి బరువుగా, ఒకటి సన్నటి ఈలతో, ఒకటి అందుకోలేక అందుకుంటూ. దేని దారిన అది, లోపలికి, బయటికి.